కుడివైపు గేరు

ఆ బండి అమ్మడం సర్వేయరు గారికి ఇష్టం లేదు. నేను కొనడం మా ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. ఇంతమంది అయిష్టాన్ని దాటుకుని అది మా గుమ్మం ముందుకు ఎలా వచ్చిందో తల్చుకుంటే నాకే వింతగా ఉంటుంది.

నేను కుట్టు మిషన్లు బాగుచేస్తాను. వీధి మలుపులో చిన్న కొట్టు, మా నాన్న నుంచి వచ్చిన పని. నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ మిషనక్కనే. మా ఆయన మోటారు సైకిళ్ళ షోరూములో సేల్స్‌మన్. ఇరవై రెండేళ్ళుగా అదే షోరూము, అదే నీలం చొక్కా, అదే నవ్వు. ఆ నవ్వు షోరూము గాజు తలుపు దాటి బయటికి రాదు. ఇంటికొచ్చేసరికి మొహం షట్టరు దించిన కొట్టులా ఉంటుంది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు బడి ఇనుప గేటు ఊడి ఎడమ చీలమండ మీద పడింది. కట్టు కట్టినవాడు వంకరగా కట్టాడు. ఎముక అతుక్కుంది గానీ కీలు బిగుసుకుపోయింది. నడుస్తాను, నిలబడతాను, మెట్లెక్కుతాను. ఆ కాలితో దేన్నైనా కిందికి నొక్కగలను. వేళ్ళు పైకెత్తమంటే మాత్రం లేవవు. ఇప్పుడొచ్చే బైకులన్నిటికీ గేరు ఎడమవైపే. దాన్ని కాలివేళ్ళతో కింది నుంచి పైకి ఎత్తాలి. మడమతో నొక్కే రెండో కొమ్ము ఉన్న బళ్ళూ ఉన్నాయి గానీ, మడమ దిగాలన్నా వేళ్ళు లేవాలి కదా.

పెళ్ళైన కొత్తలో నాకూ బైకు నేర్పమని మా ఆయన్ని అడిగాను. నీ కాలికి బైకు పడదన్నాడు. నిజమే, పడదు. ఆ తరవాత స్కూటరుతో సరిపెట్టుకున్నాను, రెండు స్కూటర్లు అరగ్గొట్టాను. స్కూటరు మంచిదే. నాకు కావలసింది మాత్రం అది కాదు. ఎందుకు కాదని అడిగితే చెప్పలేను. ఆకలెందుకేసిందని ఎవరైనా అడుగుతారా?

సర్వేయరు గారి ఇంటికి నేను వెళ్ళింది ఆయన కోడలి మిషను పట్టేసిందని కబురొస్తే. రిటైరై పదిహేనేళ్ళైనా ఆయన ప్రతిదాన్నీ కొలిచినట్టే చూస్తాడు. నేను గచ్చు మీద కూర్చుని మిషను విప్పుతుంటే నెత్తి మీద నిలబడి, ఆడమనిషి వచ్చిందేమిటి, మీ నాన్న లేడా అని అడిగాడు. పోయి ఎనిమిదేళ్ళైందన్నాను.

"అయితే ఆ పనితనం కూడా ఆయనతోనే పోయుంటుంది," అన్నాడు.

మిషను బాగై టకటకా కుట్టింది. దాన్ని చూసి ఆయన మొహం ఏమీ మారలేదు. చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళినప్పుడు, షెడ్డులో దుప్పటి కిందనుంచి ఒక చక్రం కనిపించింది. అడక్కుండానే దుప్పటి ఎత్తాను. ముదురాకుపచ్చ బండి. ట్యాంకు మీద చేత్తో గీసిన సన్నని బంగారు గీతలు. నలభై ఏడేళ్ళనాటిదని తరవాత చెప్పాడు. నా చూపు ఆ గీతల మీద ఆగలేదు. వంగి కుడివైపు చూశాను. గేరు అక్కడుంది. ఎడమవైపు ఉన్నది బ్రేకు.

"నీకు ఎడమ పాదం లేవదు," అన్నాడు సర్వేయరు గారు వెనకనుంచి. అది ప్రశ్న కాదు. కొలతల పుస్తకంలో రాసుకుంటున్నట్టు అన్నాడు. "ఇందాక గడప దాటుతుంటేనే చూశాను. అందుకేగా అటువైపు వంగావు?"

అవునన్నాను. అమ్ముతారా అని అడిగాను. అమ్మనన్నాడు.

నాలుగు ఆదివారాలు వెళ్ళాను. మొదటి ఆదివారం కుర్చీ వెయ్యలేదు. రెండో ఆదివారం, స్టార్టు చేసి చూపించు, అప్పుడు మాట్లాడదాం అన్నాడు. ఎలా చెయ్యాలో చెప్పలేదు. బలం కొద్దీ కిక్కు కొట్టాను. అది ఎదురు తన్నింది. పిక్క కమిలిపోయి కుంటుతూ ఇంటికొచ్చాను. నేను గేటు దాటేదాకా ఆయన నవ్వు వినపడుతూనే ఉంది.

ఇంటికొచ్చి ఆలోచించాను. కుట్టు మిషను పట్టేసినప్పుడు ఎవరైనా తొక్కుడు మీద పడి తొక్కుతారా? చక్రం చేత్తో నెమ్మదిగా తిప్పి సూది ఎక్కడ ఆగిందో చూసుకుంటాం. మూడో ఆదివారం అలాగే చేశాను. కిక్కుని కాలితో మెల్లగా నొక్కుతూ పోతే ఒకచోట గట్టిగా అడ్డుపడుతుంది. లోపల పిస్టను పైకొచ్చిందన్నమాట. హ్యాండిలు దగ్గర చిటికెన వేలంత మీట ఒకటుంది. అది పట్టుకుంటే బిగువు వదులుతుంది. పిస్టన్ని అడ్డు దాటించి, మీట వదిలేసి, అప్పుడు తన్నాలి. ఇదంతా కనుక్కోవడానికి రెండు ఆదివారాలు పట్టింది. నాలుగో ఆదివారం బండి దగ్గింది, ఉమ్మింది, ఆ తరవాత నిలకడగా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

సర్వేయరు గారు లోపలికెళ్ళి కాయితాలు తెచ్చి, ఇస్తున్నట్టు కాక విసిరేస్తున్నట్టు స్టూలు మీద పడేశాడు.

"రంగు మార్చకు. గీతలు చెరపకు. గేరు జోలికి ఎవణ్ణీ రానివ్వకు. అది కుడివైపు ఉన్నన్నాళ్ళే అది బండి."

నేను బండితో ఇంటికొచ్చిన రోజు మా ఆయన దాని చుట్టూ ఒక్క ప్రదక్షిణం చేసి, ఇలాంటివి ఎక్స్ఛేంజికి వస్తే మా షోరూములో లోపలికి కూడా రానివ్వం అన్నాడు. మా అత్తగారు గుమ్మంలోనే నిలబడి, వయసొస్తే బుద్ధి రావాలి గానీ బండి వచ్చిందేమిటి అంది. ఆమెకు నేనంటే మొదటినుంచీ పడదు. నన్ను చూడటానికి వచ్చిన రోజునుంచీ పడదు. ఇన్నేళ్ళలో అది కొంచెం కూడా తగ్గలేదు, ఆ విషయంలో మాత్రం ఆమె మాట మీద నిలబడే మనిషి.

"దీనికి గేరు కుడివైపు," అని చెప్పాను మా ఆయనతో. నేను చెప్పాల్సింది ఆ ఒక్క ముక్కే. అందులో అంతా ఉందనుకున్నాను.

"అందుకే అది పాతది," అన్నాడు ఫోను చూసుకుంటూ.

మర్నాటినుంచి దాని మీదే తిరిగాను. వెనక చెక్క పెట్టి బిగించి మిషను తలకాయలు దాని మీదే మోసుకొచ్చాను. కుడికాలి వేళ్ళతో ఎత్తితే మొదటి గేరు, తరవాతవన్నీ కిందికి. ఎడమకాలు బ్రేకు మీద. నొక్కడం ఒక్కటే దాని పని, ఆ పని దానికి వచ్చు. ఇన్నేళ్ళలో ఆ కాలు నన్ను ఆపనిది అప్పుడే. వంతెన ఎక్కేటప్పుడు మూడో గేరులో ఇంజను కొట్టుకునే కొట్టుడు తొడల్లోకి వస్తుంటే, ఎవరికీ చెప్పకుండా నవ్వుకునేదాన్ని.

పాత బండి ఉంచుకోవడమంటే పసిబిడ్డని ఉంచుకోవడమే. ఎక్కడ నిలబెడితే అక్కడ తడుపుతుంది. కింద రేకు పళ్ళెం పెట్టినా రెండు చుక్కలు పక్కన పడేవి. ఆ మరకలు చూసి మా అత్తగారు, అడుసు తొక్కనేల కాలు కడగనేల అని రోజూ ఒకసారి అనేది. ఆదివారాలు నేను కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంటుంటే మా ఆయన చెప్పులు పక్కకి జరుపుకుని పోయేవాడు. అంతవరకూ ఫరవాలేదు.

గొడవ షోరూములో మొదలైంది. నేను ఆ దారిన వెళ్తుంటే కస్టమర్లు కొత్త బళ్ళు వదిలి బయటికొచ్చి చూసేవాళ్ళట. ఎవరిదని అడిగితే, సారు వాళ్ళ ఆవిడది అని తోటివాళ్ళు చెప్పేవాళ్ళట. మీరు నడపరా సార్ అని ఎవరో అడిగారట. ఆ సాయంత్రం నేను స్నానంలో ఉండగా తాళం తీసుకుని బండి బయటికి తీశాడు. వీధి చివరిదాకా బాగానే వెళ్ళాడని చూసినవాళ్ళు చెప్పారు. అక్కడ సైకిలు అడ్డొచ్చింది. బ్రేకని కుడికాలు నొక్కాడు. కుడికాలి కింద ఉన్నది గేరు. బండి ఆగలేదు. ఎదురింటి వాళ్ళు దండెం మీద ఆరేసిన దుప్పట్లన్నీ ఒంటికి చుట్టుకుని, నీళ్ళ డ్రమ్ముని కొట్టుకుని ఆగాడు. నేను తడి జుట్టుతో పరిగెత్తుకొచ్చేసరికి వీధి వీధంతా అక్కడే ఉంది. బండికి ఏమీ కాలేదు. ఆయనకీ ఏమీ కాలేదు, పరువు తప్ప.

"నాకు రాక కాదు," అన్నాడు ఇంట్లోకొచ్చి. "అది తప్పుగా ఉంది."

"దానికేం తప్పు లేదు. ఉన్నచోటే ఉంది."

"లోకమంతా ఎడమవైపు ఉంటే అదొక్కటీ కుడివైపు ఉండటం తప్పు కాక ఒప్పా?"

ఇరవై రెండేళ్ళు బళ్ళ మధ్య బతికిన మనిషికి గేరు ఎటుందో తెలియక కాదు. తలకాయకి తెలుసు, కాలికి తెలియదు. ఆ మాటే అంటే, నువ్వు నాకు బళ్ళ గురించి చెప్తున్నావా అని కంచం ముందునుంచి లేచిపోయాడు.

మర్నాడు షోరూములో ఆయన బల్ల మీద ఎవరో మడత పెట్టిన దుప్పటి ఒకటి ఉంచారట. ఈ సంగతి నాకు తరవాత తెలిసింది.

ఆ నెలాఖరులో పక్క ఊరి బట్టల ఫ్యాక్టరీలో మిషన్ల సర్వీసుకి ఐదు రోజులు వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం. సంచి కూడా దించకుండా బండి దగ్గరికెళ్ళి, ఎక్కి కూర్చున్నాను. కుడిపాదం దానంతటదే గేరు కిందికి వెళ్ళింది. అక్కడ గేరు లేదు. వెడల్పాటి, నల్లటి, కొత్త బ్రేకు తొక్కుడు ఉంది. ఎడమవైపు చూశాను. చవక వెండిరంగు వేసిన గేరు మీట, కింద అడ్డంగా ఒక ఇనప కడ్డీ.

దిగి చాలాసేపు నిలబడ్డాను. మా అత్తగారు కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం అదే మొదటిసారి.

షోరూము వెనక సందులో నట్టు అని ఒక మెకానిక్కు ఉన్నాడు. సన్నగా, పొట్టిగా ఉంటాడని ఆ పేరు. నన్ను చూడగానే పాన బల్ల మీద పెట్టాడు.

"సారు తన కోసమే అన్నాడక్కా. నీకు తెలుసనుకున్నాను."

పాత మీట ఏదని అడిగాను. తుక్కు డబ్బాలోంచి వెతికి తీశాడు. అది చేతిలోకి రాగానే ప్రాణం లేచొచ్చింది, మళ్ళీ బిగిస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. నట్టు తల అడ్డంగా ఊపాడు. కొత్త బ్రేకు తొక్కుడికి గేరు షాఫ్టు చివర తగులుతోందని ఆ చివర రంపంతో కోసేశాడు. మీట ఉంది, దాన్ని తగిలించే మొన లేదు.

"సారు నిలబడి కోయించాడక్కా," అన్నాడు, తన తప్పు కొంత దించుకోవడానికి.

ఆ సాయంత్రం మా ఆయన ఈల వేసుకుంటూ వచ్చాడు. నేను లేని ఐదు రోజుల్లో చివరి రెండు రోజులూ ఆ బండి మీదే షోరూముకి వెళ్ళాడట, తోటివాళ్ళందరినీ ఎక్కించి తిప్పాడట. ఇంట్లో బండి ఇంట్లో అందరికీ పనికొచ్చేలా ఉండాలి, నీకూ మంచిదే, రేపు అమ్మాలన్నా ఇలా ఉంటేనే ఎవరైనా కొంటారు అని ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. షోరూములో కస్టమరుకి చెప్పే గొంతు.

"ఇప్పుడు దాన్ని నేను నడపలేను," అన్నాను.

"ఊళ్ళో అందరూ నడుపుతున్నారు. అలవాటు చేసుకో."

నా కాలి సంగతి తెలిసి, తెలిసీ కోయించాడనుకున్నాను. డ్రమ్ముకి కొట్టుకున్నందుకు కక్ష తీర్చుకున్నాడనుకున్నాను. ఒక రకంగా ఆ ఊహ నన్ను నిలబెట్టింది. పగవాడనుకుంటే ఏం చెయ్యాలో తెలుస్తుంది. బండిని కొట్టుకి తోసుకెళ్ళి, ఎవరూ స్టార్టు చెయ్యకుండా ప్లగ్గు ఊడదీసి నా సంచిలో వేసుకున్నాను. ఆ తరవాత వారం ఆ సంచి నా భుజం దిగలేదు.

రెండో పని ఆదివారం చేశాను. ఆయన షోరూము చొక్కాలు ఆరు. జేబు మీద కంపెనీ బొమ్మ, కాలరు గట్టిగా. మగవాళ్ళ చొక్కాకి బొత్తాలు కుడివైపు, కాజాలు ఎడమవైపు. ఆరు చొక్కాలూ కొట్టుకి తీసుకెళ్ళాను. కాజాల మీద బొత్తాలు కుట్టాను, కాజాలు కనపడకుండా పోయాయి. బొత్తాలున్నచోట మిషను మీద కొత్త కాజాలు వేశాను. మంచి కాజాలు, నెలల తరబడి వాడినా దారం లేవనివి. ఇస్త్రీ చేసి బీరువాలో ఎప్పటిలా పెట్టాను.

సోమవారం పొద్దున ఆయన అద్దం ముందు నిలబడి చొక్కా తొడుక్కున్నాడు. చేతులు వెళ్ళాల్సిన చోటికి వెళ్ళాయి. బొత్తం లేదు. కిందికి చూసుకున్నాడు. పై బొత్తం పెట్టుకోవడానికి రెండు చేతులూ తడబడ్డాయి, కింది బొత్తం పై కాజాలో దూరింది. ఆ చొక్కా విప్పి ఇంకోటి తీశాడు. ఇంకోటీ అంతే. మూడో దానికి వచ్చేసరికి మెడ ఎర్రబడింది.

"నా చొక్కాలకేం చేశావు?"

"సరిచేశాను. ఇంట్లో చొక్కాలు ఇంట్లో అందరికీ పనికొచ్చేలా ఉండాలి."

మా అత్తగారు టీ తాగుతోంది. గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. దగ్గొచ్చిందేమో.

బొత్తాలు సరిగా పడక, పై రెండూ వదిలేసి టై బిగించుకుని వెళ్ళాడు. షోరూములో లెక్కలు రాసే అమ్మాయి, సార్, మేడమ్ చొక్కా వేసుకొచ్చారా అని అడిగిందట. దుప్పటి పెట్టినవాళ్ళు ఈసారి ఏం పెట్టారో నాకు తెలియదు. ఇంట్లో మాటలు ఆగిపోయాయి. ఉప్పు డబ్బా కావాలన్నా అత్తగారి చేత అడిగించేవాడు. యూనిఫారం వేరే ఇవ్వరు కాబట్టి రోజూ అవే చొక్కాలు, రోజూ అద్దం ముందు అదే తడబాటు, అదే గొణుగుడు. వినడానికి నాకు బాగానే ఉండేది.

పదకొండో రోజు పొద్దున గొణుగుడు వినపడలేదు. చూస్తే బొత్తాలన్నీ చకచకా పెట్టేసుకుంటున్నాడు. అద్దంలోంచి నన్ను చూశాడు. పది రోజుల తరవాత నాతో మాట్లాడిన మొదటి మాట అది.

"చూశావా? పది రోజుల్లో వేళ్ళకి అలవాటైపోయింది. నీకూ అవుతుంది. కాలెంత, వేలెంత? ఊరికే పంతం నీకు."

ఆ గొంతులో కక్ష లేదు. నిజంగానే గెలిచాననుకుంటున్నాడు. నిజంగానే నాకు అలవాటవుతుందనుకుంటున్నాడు.

"ఏ కాలు?" అన్నాను.

"ఏంటి?"

"నీ కాలికి బైకు పడదన్నారుగా పెళ్ళైన కొత్తలో. ఏ కాలది?"

ఆయన నా కాళ్ళకేసి చూశాడు. రెండు కాళ్ళకీ ఒకేలాంటి చెప్పులు. నేను కదలకుండా నిలబడ్డాను. నడిస్తే ఎవరికైనా తెలిసిపోతుంది, నిలబడితే తెలియదు. ఇరవై రెండేళ్ళు ఒకే మంచం, ఒకే మెట్లు, ఒకే స్నానాలగది. చలికాలంలో రాత్రిళ్ళు నేను నూనె రాసి పిసుక్కునేది ఏ కాలో, మంచం ఏ వైపునుంచి దిగుతానో, ఎందుకు దిగుతానో.

"కుడి," అన్నాడు.

కాలరు సర్దుకుంటున్న ఆయన చెయ్యి అక్కడే ఆగింది. తప్పు చెప్పానని నా మొహంలో చదువుకున్నాడు గానీ, అప్పటికే ఇంకో గొంతు లేచింది.

"ఎడమరా," అంది మా అత్తగారు గ్లాసు కింద పెడుతూ. "ఎడమ చీలమండ. చూడ్డానికి వెళ్ళిన రోజే చూశాను. మెట్టు దిగుతూ గోడ పట్టుకుంది. ఈ సంబంధం వద్దురా, పిల్లకి ఎడమకాలు లేవదు అని దారి పొడుగునా నీకు చెప్తూనే ఉన్నాను. విన్నావు కాదు."

విన్నాడనే నేను ఇన్నేళ్ళూ అనుకున్నాను. విని, అయినా చేసుకున్నాడనుకున్నాను. పుట్టింట్లో నలుగురికీ చెప్పుకున్న గొప్ప అది. ఆయన అసలు వినలేదు.

పగబట్టి నా బండి కోశాడనుకున్నన్నాళ్ళూ ఆ మనిషి మీద కోపంతో బాగానే ఉన్నాను. కోపానికి ఎదురుగా ఒక మనిషి ఉంటాడు. ఇప్పుడు చూస్తే ఎదురుగా ఎవరూ లేరు. నన్ను నిలువెల్లా చూసి గుర్తుపెట్టుకున్నవాళ్ళు ఇద్దరే, నేనంటే గిట్టని మా అత్తగారు, నాకు కుర్చీ కూడా వెయ్యని సర్వేయరు. మా ఆయన ఏదో చెప్పబోయాడు. నేను సంచి తీసుకుని కొట్టుకి నడిచాను. వేగంగా నడిస్తే నా ఎడమకాలు గచ్చు మీద చప్పుడు చేస్తుంది. ఆ పొద్దున బాగా చప్పుడు చేసింది.

సర్వేయరు గారికి ఎవరు చెప్పారో తెలియదు, ఆ మధ్యాహ్నమే కొట్టు దగ్గరికి వచ్చాడు. బండిని చూసి, నిన్ను నమ్మినందుకు నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలి అన్నాడు. కొట్టుకోండి, చెప్పు కావాలంటే నాది ఇస్తానన్నాను. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చంకలో పాత పుస్తకం, అందులో బండి లోపలి భాగాలన్నీ విడివిడిగా గీసిన బొమ్మలున్నాయి.

గేరు పెట్టె నేనే విప్పాను. సూది కొన పట్టే సందులో పని చేసే చేతులకి అది పెద్ద పనేం కాదు. కోసేసిన షాఫ్టు బయటికి తీసి, మిషన్లకి షాఫ్టులు చేసిపెట్టే లేతు మనిషికి ఇచ్చాను. మొదటిసారి చేసింది పళ్ళు సరిపడలేదు. రెండోది మెత్తబడి వంగింది. సర్వేయరు గారు రెండుసార్లూ తన కొలబద్దతో కొలిచి, ఇది షాఫ్టు కాదు, పళ్ళు కుట్టుకునే పుల్ల అని విసిరికొట్టాడు. మూడోదాన్ని ఏమీ అనకుండా నా చేతిలో పెట్టాడు. మధ్యలో ఐదు వారాలు గడిచాయి. ఆ ఐదు వారాలూ ఆయన రోజూ వచ్చి, పాన పట్టుకోవడం కూడా రాదని, నూనె దండగ చేస్తున్నానని తిట్టి పోయేవాడు. ఒక్కరోజు కూడా మానలేదు.

అదే సమయంలో మా ఆయన ఒక సాయంత్రం కొట్టు ముందు ఆగాడు. లోపలికి రాలేదు. నట్టు చేత కొత్త షాఫ్టు తెప్పిస్తానన్నాడు. అక్కర్లేదన్నాను. పోనీ వేరే కొత్త బండి, గేర్లు లేనిది, షోరూము నుంచే అన్నాడు. సర్వేయరు గారు పుస్తకం మీదనుంచి తలెత్తి, ఈయనెవరమ్మా అని అడిగాడు. ఎవరో ఆయనకి బాగా తెలుసు.

"బళ్ళు అమ్ముతాడు," అన్నాను.

మా ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

షాఫ్టు ఎక్కించి, పాత మీట తగిలించి, బ్రేకుని మళ్ళీ ఎడమవైపుకి మార్చి, నట్టు వేసిన అడ్డకడ్డీని తుక్కు డబ్బాలో పడేశాను. ఎక్కి కూర్చుని కుడివేళ్ళు మీట కింద పెట్టి ఎత్తాను. టక్కుమని మొదటి గేరు పడింది. సర్వేయరు గారు పుస్తకం మూసి చంకలో పెట్టుకుని, ట్యాంకు మీద చేతి మరక పడిందని ఒక తిట్టు తిట్టి వెళ్ళిపోయాడు. ఆ తరవాత మళ్ళీ రాలేదు.

మళ్ళీ పొద్దున్నే మిషను తలకాయలు కట్టుకుని తిరగడం మొదలుపెట్టాను. ఇంట్లో కావలసినంత మాట్లాడుకుంటున్నాం. బిల్లు కట్టారా, పాలు తెచ్చారా. చొక్కాలు నేను మార్చలేదు. మార్చమని ఆయన అడగలేదు.

మొన్న పొద్దున సన్నగా వాన. మా ఆయన రోజూ వెళ్ళే బైకు టైరులో గాలి పోయింది. షోరూములో కంపెనీ పెద్దలొచ్చే రోజట, ఆలస్యం కాకూడదట. బొత్తాలన్నీ సరిగ్గా పెట్టుకుని, బూట్లు మెరిసేలా తుడుచుకుని నా బండి పక్కకి వచ్చి నిలబడ్డాడు. నేను అప్పటికే ఎక్కి కూర్చున్నాను. కిక్కుని మెల్లగా నొక్కుతూ అడ్డు ఎక్కడుందో వెతుకుతున్నాను.

"షోరూము దాకా దింపుతావా?"

నేను తల తిప్పి చూశానంతే, ఏమీ అడగలేదు. ఆయనే చెప్పాడు.

"ఎడమ."

చిన్న పిల్లాడు ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పాడు. చెప్పి, వెనక సీటు మీద చెయ్యి వేశాడు.

"ఉన్నవి రెండే కాళ్ళు," అన్నాను. "ఒకటి కాదని తేలాక రెండోది ఎవరైనా చెప్తారు."

చెయ్యి తియ్యలేదు. వాన కొంచెం పెరిగింది. నీలం చొక్కా భుజాల దగ్గర చుక్కలు చుక్కలుగా నల్లబడుతోంది. గుమ్మంలో మా అత్తగారు నిలబడి ఉంది, చేతిలో గొడుగు. కొడుక్కిద్దామని తెచ్చినట్టుంది. ఆమె ఆయన చేతికేసి చూసింది, బ్రేకు మీద ఉన్న నా ఎడమ పాదం వైపు చూసింది.

"నడిచి వెళ్ళరా," అంది. "రెండు కాళ్ళూ బాగానే ఉన్నాయిగా నీకు."

గొడుగు మాత్రం ఇవ్వలేదు, గుమ్మం పక్కన గోడకి ఆనించి లోపలికెళ్ళిపోయింది. నాకు అడ్డు దొరికింది. మీట పట్టి, దాటించి, వదిలి, తన్నాను. మొదటి తన్నుకే అందుకుంది. ఆయన చెయ్యి సీటు మీదనుంచి జారింది. వెనకనుంచి ఏదో అన్నాడు గానీ, ఇంజను చప్పుడులో నాకు వినపడలేదు. కుడివేళ్ళు ఎత్తి గేరు వేశాను.